ప్లాటినం జోలికి పోకుండా నీటి నుంచి హైడ్రోజన్: నికెల్, ఇనుము, మాలిబ్డినంతో క్యాటలిస్ట్ చేసుకునే పద్ధతి

మొదటిసారి చేసిన క్యాటలిస్ట్ (తాను ఖర్చు కాకుండా రసాయన చర్యని సులువు చేసే పదార్థం) నన్ను బాగా ఆడుకుంది. నికెల్ మీద కోబాల్ట్ పూత పూసి, పోల్చి చూడటానికని ఏమీ పూయని ఉత్త నికెల్ ముక్క ఒకటి పక్కన పెట్టుకున్నాను. మొదటి రోజు అంతా అనుకున్నట్టే నడిచింది. నాలుగో రోజుకి చూస్తే ఉత్త ముక్క నా పూతని దాటేసింది! చీటీలు తారుమారయ్యాయేమో అని రెండుసార్లు చూసుకున్నా, కాలేదు. జరిగిందేమిటంటే, నీటిలో కరెంటు పారడానికి కలిపే పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారంలో లేశమాత్రంగా ఉన్న ఇనుము మెల్లగా నికెల్ మీదకి చేరి, నేను వారం రోజులు తంటాలు పడ్డా చేయలేని పనిని చడీచప్పుడు లేకుండా చేసేసింది.

అందుకే ముందే చెప్తున్నా, క్యాటలిస్ట్ తయారు చేయడం ఒక పూట పని. పనిచేస్తున్నది మీరు చేసిందే, ఇంకోటి కాదు అని తేల్చుకోవడానికే వారాలు పడుతుంది. కింద రెండూ రాస్తున్నాను, రెండోదానికే ఎక్కువ చోటు పోయింది.

అసలు ఎంత మిగులుతుంది

నీటిని విడగొట్టడానికి 25 డిగ్రీల దగ్గర సిద్ధాంతం ప్రకారం 1.23 వోల్టులు చాలు, బయట నుంచి వేడి ఇవ్వకుండా అయితే 1.48 కావాలి. నిజం సెల్ మాత్రం 1.8 నుంచి 2 వోల్టుల దాకా లాగుతుంది. ఆ పైన పోయేదంతా రెండు ఎలక్ట్రోడ్ల బద్ధకం, మధ్యలో ద్రావణం, తీగల నిరోధం. ఎలక్ట్రోడ్ బద్ధకం వల్ల అదనంగా ఇవ్వాల్సి వచ్చే వోల్టేజీనే ఓవర్‌పొటెన్షియల్ అంటారు, క్యాటలిస్ట్ తగ్గించేది దాన్నే. కిలో హైడ్రోజన్‌కి ఒక్కో వోల్టుకీ దాదాపు 26.6 యూనిట్ల కరెంటు పడుతుంది, అంటే 2 వోల్టుల సెల్‌కి 53 యూనిట్లు, 1.8 అయితే 48. ఒక 100 మిల్లీవోల్టులు తగ్గించగలిగితే కిలోకి 2.7 యూనిట్లు మిగిలినట్టు. ఈ లెక్క గుర్తుంటే, ఎవరైనా 5 మిల్లీవోల్టుల తేడా చూపించి గొప్పలు పోతుంటే నవ్వుకోవచ్చు.

ఇక లోహం సంగతి. హైడ్రోజన్ వచ్చే వైపు, అంటే క్యాథోడ్ దగ్గర, ప్లాటినాన్ని కొట్టింది లేదు. ఆక్సిజన్ వచ్చే ఆనోడ్ దగ్గర ఇరిడియం, రుథేనియం ఆక్సైడ్లు. ఆమ్లంతో నడిచే సెల్‌లో ఆనోడ్ మీద మిగతా లోహాలు చాలావరకు కరిగిపోతాయి, అందుకని అక్కడ ఇరిడియం తప్పట్లేదు. అది ప్రపంచం మొత్తం మీద ఏడాదికి ఓ 7, 8 టన్నులు మాత్రమే దొరుకుతుంది, అదీ ప్లాటినం గనుల్లో ఉప ఉత్పత్తిగా. కాబట్టి నా సలహా ఒకటే, చవక లోహాలతో పని చేయాలనుకుంటే ఆమ్లాన్ని వదిలేసి క్షారంలోకి వచ్చేయండి. క్షారంలో నికెల్ నిలబడుతుంది, ఇనుము కలిస్తే ఆనోడ్ సమస్య సగం తీరిపోతుంది.

ఏ లోహం ఎందుకు పనిచేస్తుందో తెలుసుకోవాలంటే ఇటలీ రసాయన శాస్త్రవేత్త ట్రసాటి 1972లో గీసిన కొండ ఆకారపు గ్రాఫ్ ఒక్కటి అర్థం చేసుకుంటే చాలు. హైడ్రోజన్ పరమాణువుని లోహం మరీ గట్టిగా పట్టుకుంటే వదలదు, మరీ వదులుగా పట్టుకుంటే అసలు పట్టు చిక్కదు. మధ్యలో ఉన్నవి శిఖరం మీద కూర్చుంటాయి, ప్లాటినం అక్కడే ఉంటుంది. నికెల్ కాస్త గట్టిగా పట్టుకునే రకం, మాలిబ్డినం ఇంకా గట్టిగా. విచిత్రమేమిటంటే రెండూ కలిస్తే విడివిడిగా కంటే చాలా మెరుగ్గా పనిచేస్తాయి. క్షారంలో ముందు నీటి అణువునే విరగ్గొట్టాలి కదా, ఆ పనిని మాలిబ్డినం ఉన్న చోట్లు చూసుకుంటాయని కొందరు, కాదని కొందరు, వాదన ఇంకా నడుస్తోంది. మనకి పని జరిగితే చాలు.

నికెల్ ఫోమ్‌ని శుభ్రం చేయడం

స్పాంజిలా రంధ్రాలుండే నికెల్ ఫోమ్‌ని 1 సెంటీమీటరు వెడల్పు, 3 సెంటీమీటర్ల పొడవు ముక్కలుగా కత్తిరించండి. కత్తెర ఇనుముదే కాబట్టి కత్తిరించిన తర్వాతే శుభ్రం చేయాలి, ముందు కాదు. అసిటోన్‌లో కాసేపు, తర్వాత 3 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 10, 15 నిమిషాలు, అల్ట్రాసోనిక్ బాత్ ఉంటే అందులో. ఆమ్లం కొద్దిగా ఆకుపచ్చకి తిరుగుతుంది, మసకగా ఉన్న ఫోమ్ వెండిలా తేలుతుంది. పైనున్న ఆక్సైడ్ పోయిందనడానికి అదే గుర్తు. డీఅయనైజ్డ్ (అయాన్లు తీసేసిన) నీళ్లతో, ఇథనాల్‌తో కడిగి వెంటనే వాడేయండి. రేపు వాడదాంలే అని పెడితే మళ్లీ ఆక్సైడ్ పడుతుంది.

ఒక చిన్న విషయం చాలామంది పట్టించుకోరు. ఫోమ్ ద్రావణాన్ని దీపపు వత్తిలా పైకి పీల్చుకుంటుంది. మీరు 1 చదరపు సెంటీమీటరే ముంచాననుకుంటారు, పది నిమిషాల్లో క్షారం పై దాకా పాకి క్రొకడైల్ క్లిప్‌ని తడిపేస్తుంది. క్లిప్ తుప్పు పట్టి, దాంట్లోని రాగి, ఇనుము మళ్లీ మీ సెల్‌లోకే దిగుతాయి. అందుకని ముంచే భాగానికి పైన ఓ అర సెంటీమీటరు మేర ఫోమ్‌ని గట్టిగా నొక్కి, ఎపాక్సీ పట్టించి ఆరనివ్వండి. ఈ ఒక్క పని చేశాక నా రీడింగుల్లో ఊగిసలాట సగానికి సగం తగ్గింది.

ఆనోడ్: నికెల్, ఇనుము

100 మిల్లీలీటర్ల డీఅయనైజ్డ్ నీటిలో 0.087 గ్రాముల నికెల్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్, 0.121 గ్రాముల ఫెర్రిక్ నైట్రేట్ నోనాహైడ్రేట్ కలపండి. రెండూ 3 మిల్లీమోలార్ అవుతాయి, చూడ్డానికి లేత పసుపు నీళ్లలా ఉంటుంది. ఎప్పటికప్పుడు తాజాగా చేసుకోవాలి, రాత్రంతా ఉంచితే ఇనుము హైడ్రాక్సైడ్‌గా మారి గోధుమ రంగు మబ్బు కడుతుంది, అది ఇక పనికిరాదు.

ఫోమ్‌ని ఇందులో క్యాథోడ్‌గా పెట్టి (అవును, ఆనోడ్‌గా వాడబోయేదాన్నే ఇప్పుడు క్యాథోడ్‌గా), ఎదురుగా గ్రాఫైట్ కడ్డీ, పక్కన సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ (వోల్టేజీని దేనితో పోల్చి కొలుస్తామో అది) పెట్టి, దాంతో పోలిస్తే మైనస్ 1 వోల్టు దగ్గర 5 నిమిషాలు నడపండి. లోపల జరిగేది ఇదీ: నైట్రేట్ ఎలక్ట్రాన్లు తీసుకుని అమ్మోనియాగా మారే క్రమంలో హైడ్రాక్సైడ్ అయాన్లు వదులుతుంది, దాంతో ఫోమ్‌ని ఆనుకున్న పలచని పొరలో మాత్రం పీహెచ్ ఒక్కసారిగా పెరుగుతుంది, నికెల్, ఇనుము రెండూ అక్కడికక్కడే హైడ్రాక్సైడ్‌గా పడి ఫోమ్‌కి అంటుకుంటాయి. ముందు ఫోమ్ మెరుపు పోతుంది, తర్వాత లేత పసుపు, చివరికి టీ మరకలాంటి రంగు. తీసి నీళ్లలో మెల్లగా ముంచి లేపండి, వేలితో రుద్దితే చేతికి వచ్చేస్తుంది. ఎక్కువ సేపు నడిపితే ఎక్కువ బాగుంటుందనుకోవద్దు. నేను అరగంట నడిపితే ఎండిన చెరువు అడుగులా బీటలు తీసి, బుడగలు మొదలవగానే పెచ్చులుగా రాలింది.

పొటెన్షియోస్టాట్ (రిఫరెన్స్‌తో పోల్చి వోల్టేజీని అనుకున్న చోట నిలిపే పరికరం) లేకపోతే మామూలు డీసీ పవర్ సప్లైని స్థిర కరెంటులో పెట్టి, చదరపు సెంటీమీటరుకి కొన్ని మిల్లీయాంపియర్లతో మొదలుపెట్టవచ్చు. పూత ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది, అయినా వస్తుంది.

ఇంకా సులువైన దారి కూడా ఉంది, శుభ్రం చేసిన ఉత్త నికెల్‌ని పెట్టి, క్షారంలో లీటరుకి ఒకటి రెండు మిల్లీగ్రాముల ఇనుము ఉండేలా ఫెర్రిక్ నైట్రేట్ వేసి, కరెంటు నడుపుతూ వదిలేయడమే. నా ఉత్త ముక్కకి జరిగింది సరిగ్గా ఇదే. నికెల్ బ్యాటరీల వాళ్లకి ఇనుము ఎప్పటి నుంచో శత్రువు, చార్జింగ్ టైంలో అనవసరంగా ఆక్సిజన్ పుట్టిస్తుందని. ఆ తలనొప్పే మనకి వరం. 1987లో కొరిగన్ అనే పరిశోధకుడు దీన్ని వివరంగా కొలిచి చూపించాడు, 2014లో ఆరెగాన్ యూనివర్సిటీలో బోచర్ బృందం ఇనుమంతా తీసేసిన క్షారంలో నికెల్ హైడ్రాక్సైడ్ ఎంత నాసిరకం క్యాటలిస్టో తేల్చింది. అప్పటిదాకా నికెల్ దానంతటదే 'ముదిరి' బాగుపడుతుందని అనుకునేవాళ్లు.

క్యాథోడ్: నికెల్, మాలిబ్డినం

మాలిబ్డినం గడుసుది. నీళ్లలోంచి ఒంటరిగా లోహంగా పూయాలంటే రాదు, నికెల్ తోడుంటేనే దానితో పాటు దిగుతుంది. లీటరుకి 79 గ్రాముల నికెల్ సల్ఫేట్ హెక్సాహైడ్రేట్, 48 గ్రాముల సోడియం మాలిబ్డేట్ డైహైడ్రేట్, 88 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్ కలిపి, అమ్మోనియా ద్రావణంతో పీహెచ్ 10.5కి తేవాలి. సిట్రేట్ నికెల్‌ని పట్టుకుని ఉంచకపోతే అంత పీహెచ్‌లో మొత్తం ముద్ద కట్టేస్తుంది. ఆకుపచ్చగా ఉన్న ద్రావణం అమ్మోనియా పడేకొద్దీ నీలంలోకి తిరుగుతుంది. ఈ పని ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి, అమ్మోనియా ఘాటు కళ్లు తెరవనివ్వదు. చదరపు సెంటీమీటరుకి కొన్ని పదుల మిల్లీయాంపియర్లు పెడితే చాలా భాగం కరెంటు హైడ్రోజన్ బుడగలకే పోతుంది, పూత కొంచెం కొంచెంగా పెరుగుతుంది. కంగారుపడకండి, ఈ ద్రావణం తీరే అంత. చివరికి ముదురు బూడిద రంగు పూత గట్టిగా పట్టుకుని ఉండాలి.

పాత పరిశ్రమల దారి రేనీ నికెల్. నికెల్, అల్యూమినియం మిశ్రమంలోంచి అల్యూమినియాన్ని క్షారంతో కరిగించేస్తే జల్లెడలాంటి నికెల్ మిగులుతుంది. బాగా పనిచేస్తుంది, కానీ ఆరిపోతే గాలి తగిలి దానంతటదే అంటుకుంటుంది, కొత్తవాళ్లకి నేను చెప్పను. నికెల్ ఫాస్ఫైడ్ చేయమని కొందరు సోడియం హైపోఫాస్ఫైట్‌ని వేడి చేసే పద్ధతి చెప్తారు. దాన్నుంచి వచ్చేది ఫాస్ఫీన్, మనిషిని చంపే వాయువు. సరైన ల్యాబ్, ఫర్నేస్ నుంచి వాయువుని పట్టి శుద్ధి చేసే ఏర్పాటు లేకపోతే ఆ ఊసే వద్దు.

జాగ్రత్తల మాట వచ్చింది కాబట్టి మిగతావి కూడా ఇక్కడే. ఉప్పు నీళ్లతో, స్టీల్ స్పూన్లతో హైడ్రోజన్ చేసేయండని వీడియోలు తిరుగుతుంటాయి. ఉప్పు వేస్తే ఆనోడ్ దగ్గర క్లోరిన్ వస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌ని ఆనోడ్‌గా పెడితే దాంట్లోని క్రోమియం కరిగి ద్రావణం పసుపెక్కుతుంది, ఆ పసుపు క్రోమేట్, క్యాన్సర్ కారకం. నికెల్ లవణాలూ ఆ జాబితాలోవే, పైగా చర్మానికి అలర్జీ, చేతులకి గ్లవ్స్, కళ్లకి అద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. మిగిలిన ద్రావణాలు సింకులో పోయకుండా ప్రమాదకర వ్యర్థాల్లో ఇచ్చేయండి. హైడ్రోజన్ గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంతున్నా నిప్పు తగిలితే అంటుకుంటుంది, కాబట్టి పట్టి దాచకండి, బయటికి పోనివ్వండి. రెండు వాయువుల్నీ ఒకే గొట్టంలో కలిపి తీయడం ఎప్పుడూ చేయకూడని పని.

కొలవడం, అసలు తిప్పలన్నీ ఇక్కడే

1 మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్ చేయాలంటే లెక్క ప్రకారం లీటరుకి 56 గ్రాములు. కానీ బిళ్లల్లో ఓ 15 శాతం నీళ్లే ఉంటాయి, అందుకని 66 గ్రాముల దాకా తూయాలి. నీళ్లలో బిళ్లలు వేయండి, కొద్దికొద్దిగా, సీసా బాగా వేడెక్కుతుంది. గాజు బీకరు వద్దు. క్షారం గాజుని తినేస్తూ సిలికా, ఇనుము దింపుతుంది. పాలీప్రొపిలీన్ గానీ టెఫ్లాన్ గానీ వాడండి.

ఎదురుగా పెట్టే ఎలక్ట్రోడ్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. క్యాథోడ్ క్యాటలిస్ట్‌ని పరీక్షిస్తూ ఎదురుగా ప్లాటినం తీగ పెడితే, ఆ ప్లాటినం లేశమాత్రంగా కరిగి వచ్చి మీ క్యాథోడ్ మీద పూత పడుతుంది. రోజురోజుకీ మీ 'చవక' క్యాటలిస్ట్ మెరుగవుతుంటుంది, మీరు సంబరపడుతుంటారు, పనిచేసేది మాత్రం ప్లాటినం. గ్రాఫైట్ కడ్డీ పెట్టండి. అదీ ఆనోడ్‌గా ఎక్కువ సేపు నడిస్తే అరిగి ద్రావణాన్ని గోధుమ రంగు చేస్తుంది, అందుకని మధ్యలో ఒక మెంబ్రేన్ (అయాన్లని పోనిచ్చే పలచని అడ్డుపొర) ఉంటే మంచిది.

రిఫరెన్స్‌గా క్షారంలో మెర్క్యురీ ఆక్సైడ్ ఎలక్ట్రోడ్ వాడాలి, పూతకి వాడిన సిల్వర్ క్లోరైడ్ ఇక్కడ నిలవదు. పుస్తకంలో ఉన్న అంకెని గుడ్డిగా కలపకుండా, వేరే పాత్రలో అదే క్షారంలో హైడ్రోజన్ బుడగలు పంపుతూ ప్లాటినం తీగతో పోల్చి సరిచూసుకోండి. వేరే పాత్రలో అని ఎందుకన్నానో పై పేరా చదివినవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు వోల్టేజీని సెకనుకి 1 నుంచి 5 మిల్లీవోల్టుల వేగంతో మెల్లగా పెంచుతూ కరెంటు చూడండి. అందరూ పోల్చుకునే అంకె చదరపు సెంటీమీటరుకి 10 మిల్లీయాంపియర్ల దగ్గర ఓవర్‌పొటెన్షియల్. ఫోమ్ మీద నికెల్-ఇనుము పూతకి 200 నుంచి 270 మిల్లీవోల్టుల మధ్య వస్తే బాగా వచ్చినట్టే. నికెల్-మాలిబ్డినం క్యాథోడ్‌కి 100 లోపు రావాలి. ఆనోడ్‌కి 150 వచ్చిందంటే పార్టీ చేసుకోకండి, ఎక్కడో తప్పు ఉంది. ఎక్కువసార్లు ఆ తప్పు నికెల్‌దే. రివర్సిబుల్ హైడ్రోజన్ స్కేలు (అదే ద్రావణంలో హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌ని సున్నాగా తీసుకునే కొలమానం) మీద 1.35, 1.45 వోల్టుల ప్రాంతంలో నికెల్ తనకు తానే ఆక్సీకరణం చెందుతుంది, ఆ కరెంటు ఆక్సిజన్ తాలూకుది అనిపిస్తుంది, కానీ కాదు. వోల్టేజీ తగ్గిస్తూ వచ్చేటప్పటి గీతని చదవండి, లేదంటే స్థిరంగా 10 మిల్లీయాంపియర్లు పెట్టి కాసేపాగి వోల్టేజీ చూడండి.

ద్రావణం నిరోధం వల్ల పోయే వోల్టేజీని కూడా లెక్కలోంచి తీసేయాలి. 1.5 ఓమ్‌ల నిరోధం ఉంటే 100 మిల్లీయాంపియర్ల దగ్గర అదొక్కటే 150 మిల్లీవోల్టులు తినేస్తుంది. ఎంత తీసేశారో రాసుకోండి, 85 శాతమా 90 శాతమా అని. ఇంకోటి, ఫోమ్ లోపలి ఉపరితలం బయటికి కనిపించేదానికి ఎన్నో రెట్లు. ఫోమ్ మీద వచ్చిన అంకెని పలచని రేకు మీద వచ్చిన అంకెతో పోల్చి నా క్యాటలిస్ట్ గొప్పదనడం అన్యాయం. పోలిక ఎప్పుడూ అదే ఫోమ్ ఉత్త ముక్కతోనే.

వచ్చేది నిజంగా హైడ్రోజనేనా? నీళ్లు నింపి తలకిందులుగా పెట్టిన బ్యూరెట్‌లో పట్టి కొలవండి. 100 మిల్లీయాంపియర్లు గంటసేపు నడిస్తే 25 డిగ్రీల దగ్గర 46 మిల్లీలీటర్ల హైడ్రోజన్ రావాలి, నీటి ఆవిరి కలవడం వల్ల ఇంకొంచెం ఎక్కువే కనిపిస్తుంది. 40 వచ్చిందంటే ముందు గొట్టాల లీకులు చూడండి, ఆ తర్వాతే రసాయనశాస్త్రం.

మన్నిక పరీక్ష కనీసం 24 గంటలు, వీలైతే వారం. దీంట్లో నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఆపడం గురించి. నికెల్-మాలిబ్డినం నడుస్తున్నంత సేపూ బాగుంటుంది, కరెంటు ఆపేసి క్షారంలోనే వదిలేస్తే మాలిబ్డినం కరిగిపోవడం మొదలవుతుంది. సోలార్ ప్యానెల్‌కి కలిపితే రోజూ రాత్రి జరిగేది అదే కదా. కాబట్టి నడిపి, ఆపి, మళ్లీ నడిపి, ఇలా ఓ ఇరవై ముప్పై సార్లు చేసి చూడండి, నిలకడగా వారం నడిపిన గ్రాఫ్ కంటే ఇదే ఎక్కువ చెప్తుంది. ఆపినప్పుడు కరెంటు పూర్తిగా తీసేయకుండా చిన్నగా వదిలి ఉంచితే కొంత కాపాడుకోవచ్చు.

చివరిగా ఇనుము అనుమానం తీర్చుకునే పద్ధతి, మీ పూతలో ఇనుము లేదని మీరు అంటున్నట్టయితే ఇది తప్పదు. నికెల్ నైట్రేట్‌లో శుద్ధమైన క్షారం పోసి నికెల్ హైడ్రాక్సైడ్ ముద్ద చేసి, బాగా కడిగి, దాన్ని మీ పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేసి ప్లాస్టిక్ సీసాలో కొన్ని గంటలు గిలక్కొట్టండి. ఇనుముని అది పీల్చేసుకుంటుంది. అడుగుకి దిగాక పైన తేరుకున్న ద్రావణం వంపుకుని అందులో మళ్లీ కొలవండి. అంకె అలాగే నిలబడితే మీది నిజమైన క్యాటలిస్ట్. తర్వాత దీన్ని తిరగేసి కూడా చేయండి, మీ క్యాటలిస్ట్ వారం నడిచిన పాత ద్రావణంలో కొత్తగా కడిగిన ఉత్త నికెల్ ముక్క పెట్టి ఓ రెండు రోజులు నడపండి. అది కూడా మీదానంత బాగా పనిచేసిందనుకోండి, మీ క్యాటలిస్ట్ ఫోమ్ మీద లేదు, సీసాలో ఉంది. నా కోబాల్ట్ పూత ఈ పరీక్షలో తప్పింది. సీసా మాత్రం ఇంకా అలమరలో ఉంది, మీద 'ఇనుము ఉంది, తాకొద్దు' అని రాసి పెట్టాను.